పుస్తకంలో లేని అంకె

పిల్లలూ,

మీరు గుంటూరు మిరపకాయ ఒకటి కొరికారనుకోండి. నాలుక చుర్రుమంటుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతాయి. చెయ్యి తనంతట తానే మంచినీళ్ళ చెంబు కోసం వెతుకుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. నాలుక మండుతున్నదని మెదడుకు ఎవరు చెప్పారు? చెంబు అందుకొమ్మని చేతికి ఎవరు ఆజ్ఞ ఇచ్చారు?

ఈ కబుర్లు మోసేవి మన ఒంట్లోని నరాలు. వీటినే జ్ఞానతంతువులని కూడా అంటారు. పూర్వం తంతి తీగ మీద వార్త పోయినట్టు, వీటి వెంట చిన్న చిన్న విద్యుత్తు తరంగాలు పరుగెత్తుతాయి. అయితే రాగి తీగలో కరెంటు పోయే పద్ధతి వేరు, నరంలో పోయే పద్ధతి వేరు. నరంలో ఆ తరంగం ఎలా పుడుతుందో, ఎలా పరుగెత్తుతుందో మనుషులకు నేర్పినది ఎవరో తెలుసునా? మనిషి నరం కాదు. సముద్రంలో ఈదే ఒక మెత్తని జంతువు నరం!

ఆ జంతువు పేరు స్క్విడ్. మన నిజాంపట్నం, వాడరేవు బెస్తవారి వలల్లో చేపలతోపాటు ఇది కూడా పడుతుంది. దీనికి తల చుట్టూ ఎనిమిది చేతులూ, వాటికంటే పొడుగైన మరి రెండు చేతులూ ఉంటాయి. భయం పుట్టిందంటే ఒంట్లోని నీళ్ళను ఒక్క ఊపున బయటికి చిమ్మి, తుపాకి గుండులాగా వెనక్కు దూసుకుపోతుంది. ఒళ్ళంతా ఒక్కసారిగా బిగుసుకుంటేనే అలా నీళ్ళు చిమ్మడం వీలవుతుంది. అంటే ఆజ్ఞ చాలా త్వరగా అందాలి. అందుకని ప్రకృతి దానికి చాలా లావైన నరపు పోగులు ఇచ్చింది. మన నరంలో ఒక్కొక్క పోగు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే చాలా ఎక్కువ. స్క్విడ్‌లో అలాంటి పోగే అర మిల్లీమీటరు మందం ఉంటుంది. కొన్ని ఇంకా లావు! కంటికి కనిపిస్తుంది, చేత్తో పట్టుకోవచ్చు. సముద్రపు నీళ్ళలో ఉంచితే కొన్ని గంటలపాటు బ్రతికి ఉండి పనిచేస్తుంది. ఈ సంగతి జె. జెడ్. యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1936లో లోకానికి బాగా తెలియజెప్పాడు.

ఇంకేం! పరిశోధకులు సముద్రతీరాలకు బయలుదేరారు.

1939 ఆగస్టులో ఇంగ్లాండులోని ప్లిమత్ రేవులో ఇద్దరు యువకులు ఒక ప్రయోగం చేశారు. పెద్దవాడు ఆలన్ హాడ్జికిన్, వయస్సు 25. చిన్నవాడు ఆండ్రూ హక్స్‌లీ, వయస్సు 21. హక్స్‌లీ అప్పుడే కేంబ్రిడ్జిలో పట్టా చదువు ముగించుకుని వచ్చాడు. హాడ్జికిన్ కూడా అంతకు కొన్నేళ్ళ ముందు, కళాశాల విద్యార్థిగా ఉండగానే, కప్ప నరం మీద ప్రయోగాలు మొదలుపెట్టినవాడే. వాళ్ళు స్క్విడ్ నరపు పోగును నిలువుగా వేలాడదీసి, వెంట్రుకలాంటి సన్నని గాజు గొట్టాన్ని దాని కొస లోంచి మెల్లగా లోపలికి దించారు. నరం లోపలికీ బయటికీ మధ్య విద్యుత్తు తేడా ఎంత ఉన్నదో కొలవడం వాళ్ళ ఉద్దేశం.

నరం ఊరకే ఉన్నప్పుడు, బయటికంటే లోపల వోల్టులో ఇరవయ్యో వంతు తక్కువగా ఉన్నది. ఇది అందరూ అనుకున్నదే. మరి తరంగం పోతున్నప్పుడు? ఆ తేడా కాసేపు మాయమై సున్న అవుతుందని ఆనాటి పుస్తకాలు చెప్పేవి. కాని వాళ్ళ యంత్రం చూపించిన గీత సున్న దగ్గర ఆగలేదు! ఊయల మధ్యలో ఆగక అవతలి వైపుకు పోయినట్టు, సున్న దాటి బాగా పైకి పోయింది. అంటే ఒక క్షణంపాటు నరం లోపలి భాగమే బయటికంటే ఎక్కువ అయిందన్నమాట.

ఎందుకిలా జరిగిందో వాళ్ళకు తెలియలేదు. తెలియలేదు గదా అని అంకెను దిద్దుకోలేదు. పుస్తకంతో సరిపోలేదు గదా అని దాచిపెట్టలేదు. 1939 అక్టోబరులో 'నేచర్' పత్రికలో, కనిపించిన గీతను కనిపించినట్టే అచ్చువేశారు. ఈలోగా రెండవ ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఇద్దరూ యుద్ధపు పనుల్లోకి పోయారు. యుద్ధం ముగిశాక మళ్ళీ అదే నరం పట్టుకున్నారు. మనం వంటలో వేసుకునే ఉప్పులో సోడియం ఉన్నదే, ఆ సోడియం రేణువులు బయటినుంచి నరం లోపలికి జొరబడడమే ఆ తరంగానికి మూలమని తేలింది. 1952లో ఆ వివరమంతా లెక్కలతో సహా ప్రకటించారు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. ఆ ఏడాది వారితోపాటు జాన్ ఎక్లిస్ అనే మరో శాస్త్రజ్ఞుడు కూడా ఆ బహుమానం పంచుకున్నాడు.

ఇదంతా విని, "వాళ్ళు మహా మేధావులు. కళాశాలలో చదువుకునే మామూలు పిల్లలకు అలాంటి ప్రయోగశాలలో ఏం పని ఉంటుంది?" అని మీరు అడగవచ్చు.

చాలా పని ఉంటుంది. సముద్రజీవుల ప్రయోగశాలలోకి కొత్తగా వచ్చిన విద్యార్థికి మొదటి రోజునే గాజు సూదులు చేతికివ్వరు. ముందు తొట్లు చూపిస్తారు. నీళ్ళలో ఉప్పు ఎంత ఉన్నది, వేడి ఎంత ఉన్నది, జంతువు మేత తిన్నదా లేదా, ఇవన్నీ రోజూ ఒకే వేళకు చూసి నోటుపుస్తకంలో రాయాలి. ఉప్పు కాస్త తగ్గినా, నీళ్ళు కాస్త వేడెక్కినా సముద్రపు జంతువుకు జబ్బు చేస్తుంది. జబ్బుపడిన జంతువు నరం సరైన జవాబు చెప్పదు. తరువాత లెక్కపెట్టే పని ఇస్తారు. సూక్ష్మదర్శిని కింద నరాన్ని చూడడం, విద్యుత్తు కొలవడం ఆ తరువాత వస్తాయి.

లెక్కపెట్టే పనంటే చిన్న పనని అనుకోకండి. సముద్రపు కుందేలు అనే ఒక పెద్ద నత్తజాతి జంతువు ఉన్నది. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దాని ఒంట్లో ఉన్నవి సుమారు 20 వేలు మాత్రమే. కాని కొన్ని ఎంత పెద్దవంటే, ఉత్త కంటికే కనిపిస్తాయి. దాని గొట్టాన్ని తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ మెల్లగా తాకితే, "ఓహో, దీనివల్ల ప్రమాదం లేదులే" అన్నట్టు ముడుచుకోవడం తగ్గిస్తుంది. బడి పక్కన రైలు పోతుంటే కొత్తగా చేరిన పిల్లలు తలలు తిప్పుతారు, నెల పోయాక ఎవరూ తిప్పరు గదా! ఇదీ అలాంటిదే. మొప్ప ఎన్ని క్షణాలు ముడుచుకుని ఉన్నదో ఓపికగా లెక్కపెట్టి, ఆ సమయంలో ఏ కణం ఏం చేస్తున్నదో కనిపెట్టి, జ్ఞాపకం అనేది నాడీకణాలలో ఎలా నిలుస్తుందో ఎరిక్ కాండెల్ అనే ఆయన చెప్పగలిగాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమానం వచ్చింది. చూశారా? అంత పెద్ద సంగతి క్షణాలు లెక్కపెట్టడం మీద నిలిచింది. ఆ లెక్క తప్పయితే పైన కట్టినదంతా కూలిపోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి మీకు చెప్పాలి.

నేను పల్లెటూరి హైస్కూలులో సైన్సు చెప్పే రోజుల్లో, ఒక వేసవికి ముందు, తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక చిన్న ప్రయోగం చేయించాను. ఒక్కొక్కరూ గాజు సీసాలో ఒక చిన్న చేపను తెచ్చుకున్నారు. చేప ఊపిరి తీసుకునేటప్పుడు మొప్పల మూతలు తెరుచుకుని మూసుకుంటాయి. నిమిషానికి ఎన్నిసార్లు అలా జరిగిందో ముందు కుండలో నీళ్ళ చల్లదనంలో లెక్కపెట్టాలి. తరువాత ఎండకు పెట్టిన గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, మళ్ళీ లెక్కపెట్టాలి. చేప ఒళ్ళు నీటి వేడినిబట్టి ఉంటుంది గనక, నీళ్ళు వెచ్చనైతే మొప్పలు త్వరత్వరగా ఆడాలి. పుస్తకంలోనూ అలాగే ఉన్నది.

అందరి చేపలూ పుస్తకం చెప్పినట్టే చేశాయి. ఒక పిల్లవాడి చేప మాత్రం వెచ్చని నీళ్ళలో తక్కినవాటిలా పరుగు పెట్టలేదు. వాడి అంకె అందరి అంకెలకంటే బాగా తక్కువ.

"సరిగా లెక్కపెట్టలేదురా నువ్వు. పక్కవాడి అంకె చూసి రాసుకో," అన్నాను.

వాడు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. రబ్బరుతో తుడిచి పక్కవాడి అంకె రాశాడు. నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. పదికి పది మార్కులు వేశాను.

చాలా ఏళ్ళ తరువాత ఆచార్య కె. పంపాపతిరావుగారి పరిశోధన గురించి చదివాను. చదువుతూ చదువుతూ ఉలిక్కిపడ్డాను.

పంపాపతిరావుగారు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేసినవారు. 1950 దశకం మొదట్లో ఆయన అమెరికాలో, లాస్ ఏంజెలెస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, థియొడోర్ బుల్లక్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన చేశారు. వెన్నెముక లేని జంతువుల నాడీమండలం గురించి ఆ కాలంలో బుల్లక్‌కు తెలిసినంత తెలిసినవారు చాలా తక్కువమంది. 1965లో ఆయన హారిడ్జి అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి ఆ విషయం మీద రెండు పెద్ద సంపుటాల గ్రంథం రాశాడు.

అక్కడి సముద్రపు రాళ్ళకు ఒకజాతి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. ఆల్చిప్పకు మనలాగా మెదడు లేదు. మూడు జతల నాడీ ముడులు మాత్రం ఉన్నవి. అది కదలకుండా ఒకేచోట కూర్చుని, సముద్రపు నీళ్ళను లోపలికి తోడుకుని, అందులోని ఆహారాన్ని వడగట్టుకుని బ్రతుకుతుంది. చల్లని నీళ్ళలో ఈ తోడే పని నెమ్మదిగానూ, వెచ్చని నీళ్ళలో వేగంగానూ సాగుతుంది. అలాగైతే, లాస్ ఏంజెలెస్‌కు సుమారు 1,600 కిలోమీటర్లు ఉత్తరాన, చల్లని సముద్రంలో ఉండే ఫ్రైడే హార్బర్ ఆల్చిప్పలు ఎప్పుడూ మందకొడిగానే బ్రతకాలి గదా?

పంపాపతిరావుగారు ఉత్తరాది ఆల్చిప్పలనూ, దక్షిణాది ఆల్చిప్పలనూ, మధ్య చోటి ఆల్చిప్పలనూ తీసుకుని కొలిచి చూశారు. ఒకే వేడిగల నీళ్ళలో ఉంచితే ఉత్తరాదివి ఎక్కువ వేగంగా నీళ్ళు తోడాయి, దక్షిణాదివి తక్కువ వేగంగా తోడాయి. ఎవరి సముద్రపు చల్లదనంలో వారిని ఉంచితే మాత్రం అందరి వేగమూ ఇంచుమించు ఒకటే! చలిలో ఉండేది చలికి తగినట్టుగా, వేడిలో ఉండేది వేడికి తగినట్టుగా తన ఒంటి పనిని సర్దుకున్నదన్నమాట. ఈ సంగతి 1953లో అచ్చయింది. మరుసటి ఏడాది బుల్లక్‌తో కలిసి ఇదే విషయం మీద మరొక వ్యాసం ప్రకటించారు. తరువాత తిరుపతిలో సముద్రం లేకపోయినా ఆయన శాఖ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రాళ్ళ కింద దొరికే నల్ల తేళ్ళను తీసుకుని, వాటి ఒంట్లోని పనులు పగటివేళ ఒకలాగా, రాత్రివేళ ఒకలాగా ఎందుకు సాగుతాయో 1960 దశకంలో పరిశోధించింది.

నేను ఎందుకు ఉలిక్కిపడ్డానో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆ పిల్లవాడి చేప చెరువులోది కాదు. వాళ్ళ మిరపతోటలో, ఎండలో ఉండే సిమెంటు తొట్టిలోది. ఆ తొట్టి నీళ్ళు పగలంతా కాగుతూ ఉంటాయి. ఆ చేప వెచ్చని నీళ్ళకు ముందే అలవాటుపడి ఉండవచ్చు. అందుకనే కంగారుపడలేదేమో! అదే కారణమని ఇప్పుడు నేను రుజువు చెయ్యలేను. ఆ తొట్టీ లేదు, ఆ చేపా లేదు. ఆనాడు, "ఒరే, నీ చేప ఎక్కడిదిరా?" అని ఒక్క ప్రశ్న అడిగివుంటే, మా తరగతి మొత్తం వారం రోజుల్లో తేల్చివుండేది. ఆ ప్రశ్న అడగకుండా రబ్బరు అందించాను.

మంచి ప్రయోగశాలలో ఇలా జరగదు. కుర్ర విద్యార్థి తెచ్చిన అంకె వింతగా ఉంటే, అక్కడి పెద్దలు తుడిచెయ్యమనరు. "మళ్ళీ చూడు. మళ్ళీ అదే వస్తే నన్ను పిలు," అంటారు. ప్రయోగశాలలో కుర్రవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

అలాంటి చోట పనిచేసే అవకాశం మీకు ఎలా వస్తుంది? మన దేశంలో మూడు సైన్సు అకాడమీలు ఉన్నవి. ఒకటి బెంగుళూరులో, ఒకటి ఢిల్లీలో, ఒకటి ప్రయాగలో. ఈ మూడూ కలిసి ఏటేటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. కళాశాల విద్యార్థులూ, కళాశాల ఉపాధ్యాయులూ వీటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంపికైనవారు దేశంలోని ఏదైనా ఒక మంచి ప్రయోగశాలలో, ఒక శాస్త్రజ్ఞుని వద్ద రెండు నెలలు పనిచేస్తారు. ఖర్చులకు డబ్బు కూడా ఇస్తారు. దరఖాస్తులో మార్కులతోపాటు రెండు ముఖ్యమైన కాగితాలుంటాయి. మీకు ఏ విషయం మీద పనిచెయ్యాలని ఉన్నదో మీ మాటల్లో రాసినది ఒకటి. మిమ్మల్ని ఎరిగిన మాస్టారు రాసిన ఉత్తరం రెండవది. గైడులో చూసి దించిన మాటలు మొదటి కాగితానికి పనికిరావు. ఎప్పుడూ ప్రశ్న అడగని పిల్లవాణ్ణి గురించి మాస్టారు రెండవ కాగితంలో రాయగలిగేది ఏమీ ఉండదు.

సముద్రజీవుల మీద పనిచేసే సంస్థలు మనకు కొచ్చిలో, గోవాలో ఉన్నవి. వాటి శాఖలు విశాఖపట్నంలోనూ ఉన్నవి. తిరుపతిలో 2015లో సైన్సు విద్యకూ పరిశోధనకూ ఐసర్ అనే కేంద్ర సంస్థ వెలిసింది. అక్కడ పట్టా చదువులోనే పరిశోధన కూడా ఒక భాగం. ఇక అమెరికాలో ఉడ్స్ హోల్ అనే ఊళ్ళో 1888 నుంచి సముద్రజీవుల ప్రయోగశాల నడుస్తున్నది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు ఈ పత్రిక చదువుతూ ఉంటే, వారికి ఫ్రైడే హార్బర్ వంటి చోట్ల వేసవిలో కళాశాల విద్యార్థులకు పరిశోధన నేర్పే ఏర్పాట్లున్నవని గుర్తుచేస్తున్నాను.

"అంతదాకా ఆగాలా మాస్టారూ?" అంటారా? అక్కరలేదు. కార్తీకమాసంలో మన గుంటూరు, ప్రకాశం సీమలనుంచి ఎందరో సముద్రస్నానానికి సూర్యలంక, వాడరేవు పోతారు. ఈసారి మీరు వెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, జనం లేని పొడి ఇసుక దగ్గర నిలబడండి. బొరియల నుంచి పీతలు బయటికి వస్తాయి. ఒక పీతను చూసుకుని మెల్లగా, ఒకే నడకతో దానివైపు నడవండి. అది పరుగెత్తిన క్షణంలో ఆగిపోయి, దానికీ మీకూ మధ్య ఎన్ని అడుగులున్నవో లెక్కపెట్టి రాసుకోండి. దాన్ని తాకవద్దు, తరమవద్దు, బొరియ తవ్వవద్దు. ఇలా పది పీతలతో చెయ్యండి. తరువాత రోజూ మనుషులు తిరిగే చోటికి పోయి, మరో పది పీతలతో చెయ్యండి. రెండు చోట్లా అడుగులు ఒకటేనా? పీతలకు కూడా మనుషులు అలవాటవుతారా? జవాబు నేను చెప్పను. వచ్చిన అంకె మీరు అనుకున్నట్టు లేకపోతే మరీ మంచిది. తుడవకండి. పక్కన తేదీ వెయ్యండి, వేళ వెయ్యండి, అప్పుడు గాలి ఎలా ఉన్నదో రాయండి. నాడీమండలం మీద మీ మొదటి పరిశోధన అదే అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు తెచ్చిన మార్కులు మనం చూస్తాం. వాళ్ళ రికార్డు పుస్తకంలో ఉన్న అంకె వాళ్ళు కొలిచిందేనా అని అడిగేవాళ్ళం ఎందరం? రాత్రి భోజనం దగ్గర ఆ ఒక్క ప్రశ్న అడగండి. "కొలిచినదేగాని, పుస్తకంలో ఉన్నట్టు రాలేదు," అని పిల్లవాడు అంటే కోప్పడకండి. "ఎందుకు రాలేదంటావు?" అని అడగండి.

ఈమధ్య గుంటూరు మిర్చి యార్డులో ఆ పాత శిష్యుడు కనిపించాడు. ఇప్పుడు తలలో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. బస్తాల మధ్య నాకు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. చేప సంగతి ఎత్తి, "ఆ రోజు తప్పు నాదేరా," అన్నాను. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

వాడు నవ్వి, "నేను మూడుసార్లు లెక్కపెట్టాను మాస్టారూ," అన్నాడు.